బందరు రోడ్డుకి దిష్టి

జూన్ 2
ప్రయాణ కారణం: ఇష్టం.

ఈ గడిలో వైద్యం, దైవదర్శనం, కొనుగోలు, ఈ మూడింట్లో ఏదో ఒకటి రాయాలట. నేను రాయను. నిన్నటి నుంచి బెజవాడలో సైకిలెక్కిన ప్రతి మనిషీ ఎక్కడికి వెళ్ళిందీ, ఎందుకు వెళ్ళిందీ, దారిలో ఏం జరిగిందీ రాసి దారి మండలికి పంపాలని కొత్త నిబంధన. పెట్టెల్లో, అదే ఆ డ్రైవరు లేని కార్లలో, కూచుని ఊరేగేవాళ్ళకి ఈ బాధ లేదు. ఎక్కి కూచుంటే వాటంతట అవే పోతాయి, ఎవరూ తోలక్కర్లేదు, ఎవరూ కారణం అడగరు. సరే, రాయమన్నారు కాబట్టి రాస్తాను. చదివే ఆఫీసరు గారెవరో కాస్త ఓపిక తెచ్చుకోవాలి. నా పేరు హన్విక. మాది గవర్నర్‌పేట, ఏలూరు కాలవ పక్క వీధి. యాభై దాటాయి. నోరు కొంచెం పెద్దదని మా ఇంట్లో అంటారు.

మా ఆద్య వదిన ప్రయాణం కూడా నేనే రాస్తున్నాను. ఆవిడ మా ఆయనకి అక్క. దారి మండలికి ఒక్క అక్షరం కూడా రాసివ్వనని భీష్మించుకు కూచుంది. చిన్నప్పుడు తుంటి ఎముక విరిగితే సరిగ్గా అతకలేదు. వీధి చివరిదాకా నడవాలంటే మధ్యలో ఎవరి అరుగు మీదో కూచుని లేవాలి. సైకిలెక్కిందంటే మాత్రం వెనకాల నేను రొప్పుకుంటూ పోవాల్సిందే. ఇక నీళ్ళలో సంగతి చెప్పక్కర్లేదు. నేల మీద తప్ప అన్నిచోట్లా బాగానే ఉంటుంది మా వదిన. రోజూ పొద్దున్నే కృష్ణలంక రేవులో ఆడవాళ్ళకి ఈత నేర్పుతుంది. ఆ ఈతే లేకపోతే తుంటి బిగుసుకుపోయి మంచం దిగలేదు.

దారిలో అడ్డంకి: బందరు రోడ్డు. ఎప్పటిలాగే దాటాం. వదిన ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకుని, కుడిచెయ్యి అడ్డంగా చాచి, అటు ముఖం కూడా తిప్పకుండా నడిరోడ్డులోకి దిగింది. పెట్టెలన్నీ ఒకదాని వెనక ఒకటి మెత్తగా ఆగాయి. మన ఊళ్ళో రోడ్డు దాటడమంటే ఇదే. మా అమ్మా ఇలాగే దాటింది, వాళ్ళమ్మా ఇలాగే దాటింది. ఈ పెట్టెలకి నడక నేర్పింది మా నాన్నల తరం. వాళ్ళ కార్లకి కెమెరాలు బిగించి, ఈ ఊరి మనిషి బండి ఎక్కడ ఆపుతాడో, దేనికి పక్కకి తిప్పుతాడో ఏళ్ళ తరబడి చూపించి నేర్పారు. అందుకే చెయ్యి చూస్తే ఆగుతాయి.

జూన్ 6
ప్రయాణ కారణం: మీరే రమ్మన్నారు.

నా రాతలు చదివేది మీరేనని ఇవాళ తెలిసింది, దక్షిత్ గారూ. ఇంత చిన్నవారనుకోలేదు. మా వదిన నడక చూసి ఎదురొచ్చి కుర్చీ వేశారు. టీ బాగుంది. అది కూడా రాస్తున్నాను.

మిగతాది మీకు గుర్తుండే ఉంటుంది. అయినా రాస్తాను.

"పదిహేనో తారీకు నుంచి చెయ్యి పనిచెయ్యదమ్మా" అన్నారు మీరు.

"అదేంటి బాబూ, నా చెయ్యి బానే ఉందిగా" అంది వదిన.

"పెట్టెలు ఇక చెయ్యి చూసి ఆగవు. ఆకతాయిలు ఆటకి చేతులు చాపి రోడ్లన్నీ ఆపేస్తున్నారు. లోపల కూచున్నవాళ్ళకి ఆలస్యమైపోతోందని ఒకటే ఫిర్యాదులు. ఎదురుగా మనిషి వస్తే బ్రేకు పడుతుందనుకోండి. కానీ ఆ వేగంలో..."

మీరు టీ కప్పు నా వైపు జరిపారు.

"గుద్దాక ఆగుతుందన్నమాట" అన్నాను నేను.

పైవంతెన ఉందన్నారు, లిఫ్టు కూడా ఉందన్నారు. "లిఫ్టులో నేను పడతాను, సైకిల్ పట్టదు. అవతల దిగి రేవుదాకా పాకమంటావా?" అని వదిన అడిగితే, అప్పుడు నడవలేనివాళ్ళ కోసం పెట్టిన సహాయపెట్టె సంగతి చెప్పారు. ఇంటి గుమ్మంలోకే వస్తుందట.

"రేవుకి తీసుకెళ్తుందా?"

మీరు తెర చూసి కొంచెం నీళ్ళు నమిలారు. "మీ ఆరోగ్య కార్డుకి నది ప్రమాదస్థలం కింద వస్తోందమ్మా. ఆసుపత్రి, గుడి, మాల్... ఎక్కడికైనా వెళ్ళొచ్చు."

"ఎక్కడికైనా అంటే ఆ మూడు చోట్లకేనా?"

మీరు ఇంకో టీ తెప్పించారు.

జూన్ 15
ప్రయాణ కారణం: చెయ్యి పనిచేస్తుందో లేదో చూడ్డం.

పనిచెయ్యలేదు.

వదిన చెయ్యి చాచి ముందు చక్రం రోడ్డు మీద పెట్టింది. మొదటి పెట్టె ఏమాత్రం తగ్గలేదు. అది పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలికే సైకిల్ ఊగిపోయి వదిన రోడ్డంచు మీద పడింది. మోచెయ్యి దోక్కుపోయింది. లోపల కూచున్నాయన ఇడ్లీ తింటున్నాడు, నేను చూశాను. ఆయన మాత్రం మమ్మల్ని చూడలేదు.

టీచరమ్మ ఎంతకీ రాలేదని రేవు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి రోడ్డుకి అవతల నిలబడ్డారు. వాళ్ళటూ మేమిటూ. కాసేపు చేతులూపి వెళ్ళిపోయారు. వదిన అంచు మీదే కూచుని తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది కూడా. రెండూ రాస్తున్నాను, ఏ గడిలో వేసుకుంటారో వేసుకోండి.

జూన్ 19
ప్రయాణం: సైకిల్ మీద కాదు. అయినా రాస్తాను.

నాలుగు రోజులుగా ఈత లేక వదిన తుంటి బిగుసుకుంది. పొద్దున మంచం మీంచి లేపడానికి మా ఆయన నిహాల్, నేను చెరోవైపూ పట్టుకోవాల్సి వచ్చింది. "పోనీ ఆ సహాయపెట్టేదో ఎక్కి చూడక్కా, ఏసీ ఉంటుంది" అన్నాడు మా ఆయన. ఆయన ఆఫీసుకి రోజూ పెట్టెలోనే పోతాడు. ఇంట్లో కన్నా అందులోనే సుఖంగా ఉంటాడు.

వదిన ఎక్కింది. "కృష్ణలంక రేవు" అంది. "మీకు దగ్గర్లో ఉన్న గుడికి తీసుకెళ్తున్నాను" అంది పెట్టె, ఎంతో మర్యాదగా. ఆపమంటే ఆగలేదు, తలుపు తియ్యమంటే రాలేదు. మామూలు పెట్టెల్లో బండి ఆపడానికి ఉండే ఎర్రమీట కూడా సహాయపెట్టెలో ఉండదట. గుడి ముందు దించి, శుభం కలుగుగాక అని, మళ్ళీ ఎక్కించుకుని ఇంటికి తెచ్చి పడేసింది.

"దేవుడి మీద నాకేం కోపం లేదు. నన్ను పార్సెల్ చేసి పంపారు చూడు, అదీ కోపం" అంది వదిన. "నేను చచ్చేలోపు ఆ రోడ్డు సైకిల్ మీదే దాటతాను. రాసుకో." రాశాను. మా ఆయన కంచం పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయాడు.

జూన్ 23
ప్రయాణ కారణం: వదిన ఇంట్లో ఉండలేకపోవడం.

నిన్న అమావాస్య. ఇవాళ ఊరికే అలా రోడ్డుదాకా వెళ్ళొద్దామంటే ఇద్దరం నెమ్మదిగా తొక్కుకుంటూ వెళ్ళాం. మలుపులో మందుల షాపుంది కదా, దాని ఎదురుగా ఎవరో దిష్టి తీసి పడేశారు. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు, కోసి కుంకుమద్దిన నిమ్మచెక్కలు. నేను చూసి చక్రం పక్కకి తిప్పాను. ఈ దిష్టీ గిష్టీ నాకు నమ్మకం లేదు. అయినా తిప్పాను. చిన్నప్పటి నుంచీ కాలికి అలవాటైపోయింది.

"హన్వీ, అటు చూడు" అంది వదిన.

ఒక పెట్టె ఆ ఎర్రనీళ్ళ దగ్గరికి వస్తూనే వేగం తగ్గించింది. మెల్లగా, ఒదిగి, చెక్కలకి చక్రం తగలకుండా చుట్టూ తిరిగిపోయింది. దాని వెనకదీ అంతే. ఆ వెనకదీ అంతే. మేమలా నిలబడి చూస్తూనే ఉన్నాం. మా నాన్న కూడా అచ్చం ఇలాగే చేసేవాడు. కారు తోలుతూ ఎంత తొందరలో ఉన్నా దిష్టి చూస్తే పక్కకి తిప్పి, ఎవరి పీడో ఏమో అని గొణుక్కునేవాడు. చెయ్యి నేర్పినవాళ్ళే పెట్టెలకి ఇదీ నేర్పారు. నేర్పుతున్నామని వాళ్ళకీ తెలిసుండదు, మీకూ తెలిసుండదు.

పదిహేనో తారీకు తర్వాత వదిన నవ్వడం ఇదే మొదలు. నవ్వీ నవ్వీ తుంటి పట్టుకుంది.

ఇది మీకు చెప్పకుండా దాచుకోవచ్చు. దాచను. మేమేం దొంగతనం చెయ్యడం లేదు.

జూన్ 24
ప్రయాణ కారణం: నిమ్మకాయలు.

సంచీ నిండా నిమ్మకాయలు తీసుకెళ్ళి, సందు చూసుకుని రోడ్డు మీద వరసగా పేర్చాను. కొయ్యడం ఎందుకులే, కుంకుమ దండగ అనుకున్నాను. వచ్చిన పెట్టె వచ్చినట్టే ఒక్కో కాయనీ టప్ టప్‌మని తొక్కుకుంటూ పోయింది. పైగా తొక్కేటప్పుడు కాస్త ఉత్సాహంగా కూడా కనపడింది. రోడ్డంతా నిమ్మరసం వాసన.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది వదిన. "కొత్త బండి కొన్నప్పుడు చక్రాల కింద ఏం పెడతారే?"

నిజమే. కొత్త బండికి పూజ చేశాక గుండ్రటి కాయలు పెట్టి తొక్కించాకే బయటికి తీస్తారు. గుండు కాయ తొక్కడానికి, కోసి కుంకుమద్దింది తప్పుకోడానికి. ఇది తెలియని మనిషి ఈ ఊళ్ళో ఉండడు, నేను తప్ప.

జూన్ 25
ప్రయాణ కారణం: ఈత.

ఇవాళ నిమ్మకాయలు, కత్తి, కుంకుమ ముందేసుకుని కూచున్నాను. కొయ్యబోతుంటే వదిన చెయ్యి పట్టుకుంది. "ఊరికే పెడితే అబద్ధమవుతుంది. దిష్టి తీసే పెడదాం."

"నీకు నమ్మకం ఉందా వదినా?"

"లేదు. కానీ రోడ్డు మీదకెళ్ళే మనిషికి ఎవరో ఒకరు దిష్టి తీసి పంపితే బావుంటుంది కదే."

నన్ను తూర్పుకి తిప్పి నిలబెట్టింది. ఒక్కో కాయనీ తల చుట్టూ మూడుసార్లు తిప్పి, కోసి, కుంకుమద్ది ఇచ్చింది. ఆవిడకి నేను తీశాను. ఆ చెక్కల్ని మేం దాటేచోటికి ఎగువన రోడ్డు పొడుగునా వేసి, మధ్యమధ్యలో ఎర్రనీళ్ళు పోశాం. పెట్టెలు దూరం నుంచే తగ్గడం మొదలెట్టాయి. చెక్కల దగ్గరికొచ్చేసరికి మనిషి నడకలోకి దిగిపోయాయి. వదిన పెడల్ తొక్కింది. సగం దాకా వెళ్ళి, అవతలి సగానికీ చెక్కలు విసిరి, ఇద్దరం దాటేశాం.

రేవులో వదిన నీళ్ళలోకి దిగి వెల్లకిలా పడుకుని చాలాసేపు ఒడ్డుకి రాలేదు. ఈత నేర్చుకోడానికి వచ్చినవాళ్ళు గట్టు మీద కూచుని ఎదురుచూశారు. ఎవరూ తొందరపెట్టలేదు.

జూలై 5
ప్రయాణ కారణం: ఈత, పెరుగు, ఇష్టం.

ఇప్పుడు మేం ఇద్దరమే కాదు. కాలవగట్టు వెంబడి ఇళ్ళల్లో అటకల మీద దుమ్ముకొట్టుకుపోయిన సైకిళ్ళు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. పొద్దున్నే మా అరుగు ముందు వరస కడతారు. వదిన అరుగు మీద కూచునే అందరికీ దిష్టి తీస్తుంది. ఎవరి చెక్కలు వాళ్ళు పట్టుకెళ్ళి రోడ్డు మీద వేస్తారు. రోడ్డంచున ఎర్రటి గీతలా తయారైంది. దానికి ఇటువైపంతా సైకిళ్ళదే. ఈ ఊళ్ళో సైకిలు బాటంటూ ఒకటి ఉండటం నేను పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడ్డం. మీరు వెయ్యలేదు, మేం వేసుకున్నాం.

అడ్డంకి: మా ఆయన. పప్పులో పిండుకోడానికి ఇంట్లో నిమ్మకాయ లేదట, ఆఫీసుకి రోజూ ఆలస్యమవుతోందట. "మీ వదినామరదళ్ళ గోలకి ఊరంతా నత్తనడక నడుస్తోంది" అన్నాడు. "నత్తలేం చచ్చిపోవురా, కూచుని తిను" అంది వాళ్ళక్క.

జూలై 10
ప్రయాణ కారణం: మీ ఊడ్పు యంత్రాన్ని చూడ్డం.

నిమ్మచెక్కలు తియ్యమని ముందు మనుషుల్ని పంపారు. వాళ్ళు వచ్చారు, చూశారు, చీపుళ్ళు చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. తర్వాత ఊడ్పు యంత్రాన్ని పంపారు. అది కాగితాలు ఊడ్చింది, ఆకులు ఊడ్చింది, ఎర్రనీళ్ళ దగ్గరికొచ్చి ఒదిగి చుట్టూ తిరిగి పోయింది. దానికీ నేర్పింది మనవాళ్ళే కదా. అరుగుల మీద జనం ఈలలు వేశారు. ఈలల్లో ఒకటి నాది.

జూలై 14
ప్రయాణం లేదు. ఇది జవాబు.

మీ సందేశం అందింది. రేపటి అప్‌డేట్‌తో పెట్టెలు నిమ్మకాయల్ని లెక్కచెయ్యవని, ప్రాణాపాయం కాబట్టి ఎవరూ రోడ్డు మీదకి రావద్దని. హెచ్చరించినందుకు సంతోషం. మీరు చెడ్డవారని నేననుకోను. కానీ ఒక్కటి ఆలోచించండి. ముందు చెయ్యి తీసేశారు. ఇప్పుడు ఇది. మనిషి ఆపమని అడగడానికి ఏం మిగిల్చారు మీరు?

వదిన చదివించుకుని విన్నది. సంచీ ఇచ్చి నన్ను బజారుకి పంపింది.

జూలై 15
ప్రయాణ కారణం: తాడో పేడో తేల్చుకోవడం.

మీరూ అక్కడే ఉన్నారు. అయినా మా వైపు నుంచి ఎలా కనపడిందో మీకు తెలియాలి.

తెల్లారేసరికి రెండువైపులా, ఎగువన చాలా దూరం నుంచీ చెక్కలు పరిచేశాం. ఇటు వదినా నేనూ, మా వెనక సైకిళ్ళూ. అటు కృష్ణలంక వైపు మీరు, ఒంటరిగా. మొదటి పెట్టె వచ్చింది. తగ్గలేదు. చెక్కల మీంచే పోయింది, కుంకుమ చిమ్మింది. రెండోదీ అంతే. ఇక పద వదినా, ఇంటికి పోదాం అనబోతూ పక్కకి తిరిగి చూస్తే ఆవిడ పెడల్ మీద కాలేసి ఉంది. ముందు చక్రం అప్పటికే రోడ్డు మీదుంది. నేను క్యారియర్ పట్టుకుని వెనక్కి లాగుతున్నాను.

అది చూసి మీరు "అమ్మా, ఆగండి, రావొద్దు" అంటూ అటునుంచి రోడ్డు మీదకి పరిగెత్తారు. పరిగెత్తుతూ ఏం చేశారో మీకు గుర్తుందా? మేమంతా చూశాం. కుడిచెయ్యి అడ్డంగా చాచారు. మీ అమ్మ కూడా అలాగే దాటి ఉంటుంది మరి. మీ మీదకి వస్తున్న పెట్టె ఆ చెయ్యిని చూసింది, తగ్గలేదు. మీకు అప్పుడు గుర్తొచ్చింది. మీ ముఖంలో కనపడింది. కాళ్ళు కదల్లేదు మీకు. నేను కళ్ళు మూసుకున్నాను.

చక్రాలు కీచుమన్నాయి. కళ్ళు తెరిస్తే మీరలాగే చెయ్యి చాచి నిలబడి ఉన్నారు. పెట్టె ఆగి ఉంది, చాచిన మీ వేళ్ళకి తగిలేంత దగ్గరగా. తలుపు తెరుచుకుని ఒకాయన తూలుకుంటూ దిగాడు. మా ఆయన.

"ఎర్రమీట లాగాను" అన్నాడు. "అల్లంత దూరంలో మొదటి చెక్క కనపడగానే లాగాను. తొక్కేస్తుందని భయమేసింది. మీకోసమేం లాగలేదు, ఎవరిదో దిష్టి..." అంటూ రోడ్డంచు మీద కూలబడ్డాడు. ఇరవయ్యేళ్ళ కాపురంలో నాకాయన అంత ముద్దొచ్చింది ఎప్పుడూ లేదు. ఇదీ రాస్తున్నాను.

ఆయన వెనక పెట్టె కూడా ఆగింది. దాని వెనకదీ. ఇటు సగంలోనూ ఆగుతున్నాయి. ఒక్కొక్క తలుపే తెరుచుకుంటోంది, లోపలివాళ్ళు దిగి చక్రాల కింద చూసుకుంటున్నారు. "మా అమ్మాయికి నెలలు నిండాయండీ, ఇలాంటివి తొక్కించుకుని ఇంటికెలా పోతాను" అని ఒకావిడ ఫిర్యాదు చెయ్యడానికి మీ నంబరు అడుగుతోంది. టై కట్టుకున్న ఒకాయన చెప్పులు విప్పి మరీ నిలబడ్డాడు. చివరికి బందరు రోడ్డు ఈ కొస నుంచి ఆ కొసదాకా ఆగిపోయింది. ఆపింది యంత్రం కాదు, లోపల కూచున్న మనుషులు.

వదిన ఆ పెట్టెల మధ్యనుంచి తొక్కుకుంటూ మీ దగ్గరికొచ్చింది. సైకిల్ దిగకుండానే మీ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"హడలిపోయావు నాయనా. ఇలా తిరుగు."

సంచీలో మిగిలిన కాయ తీసి మీ తల చుట్టూ మూడుసార్లు తిప్పింది. మీరు తల వంచుకున్నారు. కోసి, కుంకుమద్ది, రెండు చెక్కలూ చెరోవైపు విసిరింది.

"ఇక తప్పుకో. అవతల నాకోసం ఎదురుచూస్తున్నారు."

మీరు తప్పుకున్నారు. తప్పుకునేటప్పుడు మీ చెక్క కాలికింద పడబోతే గబుక్కున కాలెత్తి పక్కన వేశారు. అందరం చూశాం, ఎవరూ నవ్వలేదు.

జూలై 23
ప్రయాణ కారణం: ఇష్టం.

రోజూ అంతమంది మీటలు లాగితే పెట్టెలు మాత్రం ఏం చేస్తాయి? లోపలివాళ్ళని చూసి మళ్ళీ నేర్చుకున్నాయి. నిన్నటి నుంచి ఎవరూ లాగక్కర్లేకుండానే చెక్కల చుట్టూ ఒదిగి పోతున్నాయి. వదిన ఇవాళ కొత్తగా చేరినావిడకి నీళ్ళ మీద తేలడం నేర్పింది. తుంటి సులువుగానే ఉందంది.

మీ ఉత్తరం వచ్చింది. ఒకటో తారీకు నుంచి చెయ్యి మళ్ళీ పనిచేస్తుందని రాశారు. మీ అంతట మీరే మండలిలో పట్టుబట్టి సాధించారని మా ఆయన చెప్పాడు. సంతోషం. ఒకసారి అరుగు దగ్గరికి రండి, టీ బాకీ ఉన్నాం.

అందుకు బదులుగా నిమ్మకాయలు తీసెయ్యమన్నారు. తియ్యం. చెయ్యి మీరిచ్చారు, మీరే తీసుకున్నారు, మళ్ళీ మీరే ఇస్తున్నారు. రేపు మీ కుర్చీలో ఇంకెవరు కూచుంటారో మాకు తెలియదు. ఆ ఎర్రగీత మాత్రం మా తలల చుట్టూ తిప్పి వేసుకున్నది. అందులో మీది కూడా ఒక కాయ ఉంది.

ఇంకొక్కటి. ప్రయాణ కారణం గడిలో వైద్యం, దైవదర్శనం, కొనుగోలు తర్వాత ఇష్టం అనే మాట కూడా చేర్చండి. చేర్చకపోయినా మేం రాసేది అదే.